ఎండలో చేసి దాచిన వంట

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో ధర అడిగే ముందు ఏ ఊరి సరుకో అడగాలి. కర్నూలు ఉల్లికి పొర పలచన, నీరు ఎక్కువ. మహారాష్ట్ర ఉల్లి గట్టిగా, పొర ఆరి వస్తుంది. "కర్నూలువి తొందరగా వండేసుకోండి. నిలవకైతే ఇవి పట్టుకెళ్లండి" అన్నాడు కొట్టు గుమస్తా. బస్తా విప్పి ఏరేటప్పుడు జంటగా విడిపోయినవీ, మరీ చిన్నవీ పక్కన పోస్తారు. వాటికి ధర తక్కువ. ఆ పోగు చుట్టూ బేరమాడుతున్నదంతా ఆడవాళ్లే. నేను వెళ్లబోయే ఇంటావిడ కూడా, వస్తూ వస్తూ ఆ ఏరివేత ఉల్లి ఐదు కిలోలు తెమ్మనే చెప్పారు.

ఆమె ఇల్లు కైకలూరు వైపు ఒక కొల్లేటి లంకలో. తక్కువ ఖర్చులో, తక్కువ సమయంలో ఇంటిల్లిపాదికీ వండి పెట్టే వంటిల్లు ఎలా నడుస్తుందో చూడాలని బయల్దేరాను. దానికి లంకకంటే మంచి చోటు నాకు తోచలేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు కొల్లేట్లో పడతాయి. సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరొకటే దారి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద ఇటు చేరాక, ఏలూరు–కైకలూరు రోడ్డు చినఎడ్లగాడి దగ్గర మునిగి రాకపోకలు ఆగిపోయాయి. అలాంటప్పుడు లంకల్లోకి కూరగాయల బండి రాదు.

"అప్పుడు మాకు కూరల కొట్టు ఇదేనండి" అంటూ ఆవిడ అటక మీది డబ్బాలు ఒక్కొక్కటీ దింపించారు. అరవై దాటిన మనిషి. కొడుకు చేపల చెరువు మీద కాపలా, కోడలు రొయ్యల షెడ్డులో పని. ఇద్దరు పిల్లలు.

గింజలు తీసి, ఉప్పు చల్లి, ఉండలు చేసి జాడీలో అదిమిన చింతపండు. ఎండకు పోసి డబ్బాకెత్తిన కందిపప్పు, పైన ఎండుమిరపకాయలు. ఊరమిరపకాయలు. గుమ్మడి వడియాలు. వంకాయ వరుగులు. చింతకాయ తొక్కు. ఒక మూలగా, మిగతావాటికి వాసన అంటకుండా, మూత బిగించిన డబ్బాలో ఎండు రొయ్యలు, ఎండు సావిడాయిలు. మిల్లు నుంచి తెచ్చిన నూకలు వేరే సంచిలో. ఇంతేనా అనిపించవచ్చు. కానీ ఒక్కొక్కదాని వెనక ఎంత పని ఉందో ఆవిడ చెబుతుంటే నేను రాసుకోవడం ఆపి విన్నాను. బూడిద గుమ్మడికాయ ముక్కలకు ముందురోజు రాత్రి ఉప్పూ పసుపూ పట్టించి, గుడ్డలో మూటకట్టి పైన రోలు పెట్టాలి. తెల్లారేసరికి నీరంతా దిగిపోతుంది. మినప్పిండి గట్టిగా రుబ్బి, అందులో ముక్కలు కలిపి, ఎండ ముదరకముందే పెట్టేయాలి. ఊరమిరపకాయలైతే చీల్చి ఉప్పు మజ్జిగలో ఊరబెట్టి, పగలు ఎండలో పోసి, సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో వేయాలి. మజ్జిగంతా కాయలకే పట్టేదాకా రోజూ ఇదే పని. నాలుగిళ్లవాళ్లు కలిసి పెట్టుకుంటారు. ఈరోజు ఒకరింటివి, రేపు ఇంకొకరింటివి.

కోడలు వచ్చేసరికి ఆరు దాటింది. షెడ్డులో పొద్దుటి నుంచీ ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్య తొక్క వలిచిన మనిషి. కాళ్లు కడుక్కుని పొయ్యి వెలిగించింది. "అత్తా, రొయ్యలు ఇయ్యి" అనడం, ఆవిడ గుప్పెడు తీసివ్వడం. వట్టి మూకుడులో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, తలలూ తోకలూ తుంచి, ఇసుక పోయేలా వేడినీళ్లలో రెండుసార్లు కడిగింది. నేను తెచ్చిన ఉల్లిపాయలు ఆరో ఏడో తరిగి, పచ్చిమిర్చితో మగ్గించి, రొయ్యలు కలిపి, కాస్త చింతపండు పులుసు పోసి దగ్గరకు రానిచ్చింది. ఉప్పు చివరికి, రుచి చూసి. ఎండు రొయ్యలో ఎలాగూ ఉంటుంది. ఇంటిల్లిపాదికీ కూర వచ్చింది. గుప్పెడు రొయ్యలకు ఉల్లిపాయే ఒదుగు.

ఇటు ఇగురు ఉడుకుతుండగానే అటు పచ్చిపులుసు: నిప్పు మీద కాల్చిన పచ్చిమిర్చి, చింతపండు రసం, పచ్చి ఉల్లిముక్కలు, చిటికెడు బెల్లం, పైన పామాయిల్‌తో తాలింపు. ఆ నూనె ఈ ఏలూరు జిల్లా పంటే. పెదవేగిలో భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది, ఆ చుట్టుపక్కలంతా తోటలే. అన్నం ఉడికేలోపు అన్నీ దిగిపోయాయి. అరగంట కూడా పట్టలేదు.

ఆ అరగంట వంట అసలు నడివేసవిలోనే సగం అయిపోయింది. ఖర్చు లెక్క వేసేటప్పుడు మనం ఉల్లి ధర, పప్పు ధర, గ్యాసు ధర రాస్తాం. ఎండలో మంచం నీడన కూచుని కాకిని తోలిన గంటలు రాయం. పొదుపుగా వండుకోవడం గురించి ఎవరు చెప్పినా ఆ గంటలతో మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

మర్నాడు పొద్దున పిల్లలకు ఉప్పిండి. తాలింపులో గుప్పెడు పెసరపప్పు, గ్లాసు నూకకు రెండు గ్లాసుల నీళ్లు, మందపాటి గిన్నె, సన్నటి సెగ. అడుగున ఎర్రగా పట్టిన మాడు కోసం పిల్లలిద్దరికీ పోట్లాట. పెద్దావిడ మాత్రం చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఊరమిరపకాయ నంజుకున్నారు. ఆ ఇంటి బియ్యం స్వర్ణ రకం, అంటే ఎం.టి.యు. 7029. మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన వంగడం. ఆ మరుసటి ఏడు ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం తెచ్చింది. "మూడు పూటలా అన్నమే తినడం అప్పటి నుంచే" అన్నారావిడ. అంతకు ముందు గంజి పూటలు ఉండేవట.

చేపల సంగతి అడిగితే ఆవిడ గొంతు మారింది. చిన్నప్పుడు రాత్రి చేపలు పట్టే మావులు వేసి పొద్దున ఎత్తితే ఇంగిలాయిలు, గురకలు, బొమ్మిడాయిలు, జెల్లలు. కొనడమనేదే లేదు. తిన్నన్ని తిని, మిగిలినవి ఉప్పేసి ఎండబెట్టుకునేవాళ్లు. తర్వాత సరస్సంతా చెరువులయింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యం హద్దైన ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. ఇవాళ కొల్లేరు చుట్టూ చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో కలకత్తా లారీ ఎక్కుతాయి. అటక మీది ఎండు చేప కూడా ఇప్పుడు సముద్రం వైపు నుంచి వచ్చిందే, డబ్బు పెట్టి కొన్నదే. నీళ్ల మధ్యన ఉన్న ఇంట్లో చేప కొనుక్కోవడం నాకు మింగుడు పడలేదు.

కోడలి బాధ వేరు. వేసవిలో వడియాలకని షెడ్డుకు సెలవు పెడితే కూలి పోతుంది. అత్తకు నడుము వంగడం లేదు. వడియాల పాకెట్టు కొందామంటే వారానికి ఒకటి సరిపోదు. పైగా చెరువు లారీలు తిరిగి తిరిగి వీధంతా దుమ్ము. డాబా లేని ఇళ్లకు ఆరబోసుకునే చోటే లేదు. డ్వాక్రా సమావేశంలో ఆ అమ్మాయి ఒకటే అడిగిందట: పంచాయతీ స్థలంలో ఎత్తుగా ఒక సిమెంటు కళ్లం, పైన కాకులు వాలకుండా వల. చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా ఇళ్లవాళ్లు వంతులవారీగా వాడుకుంటారు, కాపలాకు రోజూ ఒకరుంటారు. స్థలం చూపించింది. బడి వెనక, ఆ బుడమేరు వరదకు కూడా మునగని మెరక. ఎవరింటికి ఏ రోజో రాసిన కాగితం అప్పటికే ఆమె దగ్గరుంది. కళ్లానికి డబ్బు మాత్రం ఇంకా రాలేదు.