నంబరుతో వెతకవద్దన్న మా పెద్దనాన్న

మా పెద్దనాన్న రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో ఆరు "వద్దు" అనేవే. ఇంట్లో ఎంత గొడవ జరిగినా ఆయన గొంతు లేచేది కాదు. ఒకసారి వద్దన్నాక మాత్రం ఆయన్ని కదిలించడం ఎవరి తరమూ అయ్యేది కాదు. "బండరాయికైనా వానకి నాచు పడుతుంది, ఈయనకి అదీ లేదు" అనేది పెద్దమ్మ.

డర్బన్‌లోని కాటో మేనర్‌లో మావాళ్లకి కూరగాయల తోట ఉండేది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టంతో అది పోయింది. 1960లలో చాట్స్‌వర్త్‌కి మారాం. లారీలోకి మంచాలు, గిన్నెలు ఎక్కిస్తుంటే ఆయన ఒక కరివేపాకు పిలకని మట్టితో సహా తవ్వి, నూనె డబ్బాలో పెట్టి, దారంతా ఒళ్లో పట్టుకుని కూర్చున్నారట. ఆ చెట్టు పెరిగి వీధంతటికీ ఆకు పెట్టింది. ఆయన ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. పిలక అడిగిన వాళ్ల ఇంటికి మాత్రం ముందుగా వెళ్లి, గొయ్యి సరిగ్గా తవ్వారో లేదో చూసి వచ్చేవారు.

1984లో భారతీయులకి విడిగా ఒక సభ పెట్టి ఓట్లు వేయమన్నారు. ఇంటికి వచ్చిన పార్టీవాళ్లు అరగంట మాట్లాడారు. పెద్దనాన్న అంతా విని, వాళ్ల చేతిలో చెరో కరివేపాకు రెమ్మ పెట్టి గేటు వేసేశారు. ఓటు వేయలేదు. 1994 ఏప్రిల్ 27న మాత్రం తెల్లారకముందే టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్లి వరసలో నిలబడ్డారు. సాయంత్రం వచ్చి "బాగుంది" అన్నారు. అంతే.

ఆయన సంతోషాలు చిన్నవి. గట్టి టీలో డబ్బా పాలు, రేడియోలో పాత పాటలు, అన్నిటికంటే ముఖ్యంగా షాడ్ చేప. చలికాలంలో చీకటితోనే గాలం తీసుకుని సముద్రానికి వెళ్లేవారు. మనిషికి నాలుగే పట్టాలన్నది నియమం. ఐదోది పడితే గాలం విప్పి నీళ్లలోకి వదిలేవారు. తలకాయల పులుసు తనే పెట్టేవారు, చింతపండు ఎవరినీ పిసకనిచ్చేవారు కాదు. పురటాసి నెలలో ఇంట్లో చేప ఉండదు. అది అయ్యేలోపే అక్టోబరు, నవంబరు నెలల్లో షాడ్ పట్టకూడదన్న సర్కారు నిషేధం మొదలవుతుంది. "ఒకటి దేవుడి వ్రతం, ఒకటి చేప వ్రతం" అని నవ్వేవారు. అప్పుడు కూడా ఒడ్డుకి వెళ్లేవారు, గాలం లేకుండా.

ఒక విషయంలో మాత్రం ఆయన మొండితనం నాకు కష్టంగా ఉండేది. 1860 నుంచి 1911 వరకు నాటాల్‌కి వచ్చిన లక్షా యాభై వేలకు పైగా కూలీల్లో ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇచ్చారు. ఓడల జాబితాల్లో ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు రాసి ఉంటాయి. ముత్తాత నంబరు పెద్దనాన్నకి తెలుసు. అది చెబితే మన ఊరేదో దొరుకుతుందని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "ఆయన్ని నంబరుతో పిలిచింది దొరలు. మనం పేరుతో పిలుద్దాం."

పురటాసిలో పెద్దలకి పెట్టే రోజున మాత్రం ఆయన గొంతు వీధిలోకి వినిపించేది. అరిటాకు ముందు నిలబడి ముత్తాత పేరు, ముత్తవ్వ పేరు, పొలంలో పోయిన వాళ్ల పిల్లల పేర్లు ఒక్కొక్కటే పిలిచేవారు. ఎక్కడా కాగితం చూసేవారు కాదు.

ఆయన పోయి ఏళ్లయింది. నంబరు ఆయనతోనే పోయింది. ఇప్పుడు మా అమ్మాయి పేరు పట్టుకుని జాబితాలు వెతుకుతోంది. ఒకే పేరు గలవాళ్లు చాలామంది ఉన్నారు, స్పెల్లింగులు గందరగోళం, పని నెమ్మదిగా సాగుతోంది. నేను ఆపలేదు. ఊరు తెలుసుకోవడం పిల్లల హక్కు. కానీ మొదలుపెట్టేముందు ఆ పేర్లన్నీ తెలుగులో రాయించి, తప్పు లేకుండా పలకడం నేర్పించాను. ఇంటి వెనక పెద్దనాన్న ఇచ్చిన పిలక చెట్టయింది. కావలసినవాళ్లు రండి, గొయ్యి మాత్రం ముందే తవ్వి ఉంచండి.