పుదుచ్చేరి గద్ద

నేను చేసిన అనువాదాన్ని గురించి నాకు వచ్చిన మొట్టమొదటి ఉత్తరం నాలుగవ తరగతి చదువుతున్న ఒక బాలునిది. అంతకు కొన్ని నెలల క్రిందట పక్షులను గురించిన ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకాన్ని పిల్లలకోసం తెలుగు చేశాను. అందులో అమెరికా దేశపు ‘బాల్డ్ ఈగిల్’ బొమ్మ ఒక పుట మొత్తం ఆక్రమించుకొని ఉన్నది. దాని క్రింద నేను ‘బట్టతల గద్ద’ అని వ్రాశాను. ‘బాల్డ్’ అంటే బట్టతల, ‘ఈగిల్’ అంటే గద్ద. ఇందులో ఆలోచించవలసినది ఏమున్నదనుకొన్నాను. ఆ బాలుడు గీతల కాగితంమీద పెన్సిలుతో ఇలా అడిగాడు: “బొమ్మలో పక్షి తలనిండా తెల్లని ఈకలు ఉన్నాయండి. మా మాస్టారి తలమీద వెంట్రుకలకంటె ఎక్కువే ఉన్నాయి. మరి బట్టతల అని ఎందుకు వ్రాశారు?”

ఆ ఉత్తరానికి నేను జవాబు వ్రాయలేదు. తీరిక దొరకలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకొన్నాను. అసలు కారణం జవాబు తెలియకపోవడం. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకొన్నవాడిని, ఒక చిన్న పిల్లవాడు ఒక్క ప్రశ్నతో నిలవేశాడు. ఉత్తరాన్ని బ్రౌను నిఘంటువు పుటల మధ్య దాచి ఊరుకొన్నాను.

2024 డిసెంబరులో ఆ పక్షి మళ్ళీ నా బల్లమీద వాలింది. 1782 నుండి అమెరికా అధికార ముద్రమీద ఉంటూ వచ్చిన ఆ పక్షిని చట్టరీత్యా జాతీయపక్షిగా ప్రకటించారన్న వార్తను తెలుగు చేయమని ఒక పత్రికవారు పంపారు. పది నిమిషాల పని. ఆ పని నన్ను మూడు రోజులు త్రిప్పింది.

‘బాల్డ్’ చిక్కు ముందుగా విడిపోయింది. ఆ మాటకు పూర్వపు ఇంగ్లీషులో తెల్లని మచ్చగలది అన్న అర్థం కూడా ఉండేది. ముఖాన తెల్లచార ఉన్న గుర్రాన్ని కూడా ఆ మాటతోనే చెప్పేవారు. అమెరికాలో స్థిరపడిన ఇంగ్లీషువారు ఈ పక్షికి ఆ అర్థంలోనే పేరు పెట్టారు. కాలక్రమాన అర్థం ఎగిరిపోయి బట్టతల మిగిలింది. ఫ్రెంచివారికి ఈ తంటా లేదు; వారి భాషలో దాని పేరులోనే ‘తెల్లతల’ ఉన్నది. ఆ బాలుడు బొమ్మను చూశాడు. నేను మాటను మాత్రమే చూశాను.

ఇక మిగిలినది ‘ఈగిల్’. అసలు చిక్కు ఇక్కడే ఉన్నదని అప్పటిదాకా నాకు తట్టలేదు. మన పత్రికలలో ఈ అమెరికా పక్షి ఒకనాడు గద్ద, మరునాడు డేగ, ఇంకొకనాడు గరుడపక్షి. తెలుగు బైబిలు అనువాదకులు ‘పక్షిరాజు’ అన్నారు. మాట గంభీరంగా ఉన్నది. కాని హీబ్రూ మూలంలోని పక్షి రాబందు జాతిదని పలువురు పండితుల అభిప్రాయం. డేగ అన్న మాటలో పౌరుషం ధ్వనిస్తుంది. శిబిచక్రవర్తి కథలో పావురాన్ని తరుముకొంటూ వచ్చినది డేగ. రాజులు ముంజేతిమీద నిలుపుకొని వేటకు తీసుకొనిపోయినదీ డేగే. వేటగాండ్రు సాళువ, జాలె, బైరి అంటూ వాటిలో భేదాలు గుర్తించి పేర్లు పెట్టుకొన్నారు. 1485 ప్రాంతాన విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుని వంశనామం అటువంటి ఒక వేటపక్షి పేరే. ఈ పేర్లలో ఏది ఏ పక్షిదో తేల్చుకొందామని నిఘంటువు తెరిస్తే తరచుగా ఎదురయ్యే అర్థం ‘పక్షివిశేషము’. నిఘంటుకారులకు ఇంతకుమించిన దాగుడుచోటు లేదు.

గద్ద సంగతి వేరు. వ్యాకరణవేత్తలు దానిని సంస్కృత ‘గృధ్ర’ శబ్దానికి వికృతిగా చెబుతారు. గృధ్రమంటే రాబందు, ఆ శబ్దానికి మూలమైన ధాతువుకు అర్థం దురాశ. పుట్టుకలోనే ఆ మాటకు కొంత అపకీర్తి అంటుకొన్నది. ఎవరి సొత్తయినా ఎవరైనా కాజేస్తే ‘గద్దలా తన్నుకుపోయాడు’ అంటాము. ఇంగ్లీషులో ‘కైట్’ అన్న పక్షి పేరుకూ అదే గతి; షేక్‌స్పియర్ నాటకంలో లియర్ మహారాజు కన్నకూతురిని తిట్టడానికి ఆ పేరే ఎత్తుకొన్నాడు. (పిల్లలు ఎగరవేసే గాలిపటానికి ఇంగ్లీషులో అదే పేరు ఎలా వచ్చిందని అడిగేవారున్నారు. పక్షినిబట్టే గాలిపటానికి ఆ పేరు వచ్చింది.) ఒక దేశపు జాతీయపక్షిని గద్ద అనడానికి మన పత్రికలు సంకోచించడంలో ఆశ్చర్యం లేదు. అది పక్షిశాస్త్ర విషయం కాదు, మర్యాద విషయం.

ఈ మర్యాద సంగతి నాకు మొదట నేర్పినది మా నాయనమ్మ. మాది యానాం. గౌతమీ గోదావరి ఒడ్డున, ఆంధ్రదేశం నడుమ ఉన్న ఆ చిన్న ఊరు ఎన్నో వందల కిలోమీటర్ల దూరాన ఉన్నా, పరిపాలన రీత్యా పుదుచ్చేరిలో భాగం. నాయనమ్మకు పెరటిలో నాలుగు కోళ్ళు ఉండేవి. ఆమె లెక్కలో ఆకాశాన తిరిగే పెద్ద పక్షులు రెండే. ఒళ్ళంతా మట్టిరంగుగా ఉండి తోక చీలినట్లు కనిపించేది గద్ద; దానికి మట్టిబెడ్డ. తలా రొమ్ము తెల్లగా, రెక్కలు కావిరంగుగా ఉండేది గరుడపక్షి, దానికి దణ్ణం. ఎంత పనిలో ఉన్నా గరుడపక్షి కంటపడితే చేతులు తుడుచుకొని మ్రొక్కేది.

ఒకనాడు నేను చూస్తూ ఉండగానే ఒక పక్షి రివ్వున దిగి కోడిపిల్లను ఎత్తుకొని పైకి లేచింది. నాయనమ్మ బెడ్డ పుచ్చుకొని చెయ్యి ఎత్తింది. పక్షి గాలిలో ప్రక్కకు తిరిగింది. తెల్లని రొమ్ము ఎండలో మెరిసింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్లే ఉండిపోయింది. పక్షి కొబ్బరితోట దాటి కనుమరుగయ్యేదాకా ఆమె అలాగే నిలబడి, చివరకు బెడ్డను నెమ్మదిగా నేలమీద పెట్టింది.

“నాయనమ్మా, అది గరుడపక్షి కదూ?” అన్నాను.

“కాదురా, గద్దే,” అన్నది. “గరుడపక్షి అట్లాంటి పని చెయ్యదు.”

అప్పుడు నేను నవ్వుకొన్నాను. పుస్తకాలు చదివినకొద్దీ ఆ నవ్వు తగ్గింది. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కూడా ఆ పక్షి పేరు విషయంలో ఇంచుమించు మా నాయనమ్మలాగే చెయ్యి ఎత్తి దించుకొన్నారు. ఆ కథ మొదలైనది, నేను ఇరవై ఏళ్ళుగా నివసిస్తున్న ఈ పుదుచ్చేరిలోనే.

‘ఈగిల్’ కోసం వెదుకుతూ కంప్యూటరు తెరమీద ఒక పాత ఫ్రెంచి గ్రంథం పుటలు త్రిప్పుతున్నప్పుడు మా ఊరిపేరు కంటబడింది. 1760లో మాతురేన్ జాక్ బ్రిసోన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆరు సంపుటాలుగా వెలువరించిన పక్షిశాస్త్ర గ్రంథం అది. అందులో ఒక పక్షికి ఆయన పెట్టిన పేరు ‘పాండిచ్చేరి ఈగిల్’. లాటిన్‌లో ‘అక్విలా పాండిచేరియానా’. ఇక్కడ దొరికిన ఒక పక్షి కళేబరాన్నిబట్టి ఆ వర్ణన వ్రాశాడు. వర్ణనా బొమ్మా చూడగానే పోల్చుకొన్నాను. తెల్లని తల, తెల్లని రొమ్ము, కావిరంగు రెక్కలు. మా నాయనమ్మ గరుడపక్షి! ఇంగ్లీషువారు ‘బ్రాహ్మినీ కైట్’ అనేది దానినే.

ఆ గ్రంథం వెలువడిన సంవత్సరమే సెప్టెంబరులో ఇంగ్లీషు సేనలు పాండిచ్చేరిని ముట్టడించాయి. 1761 జనవరిలో పట్టణం లొంగిపోయింది. ఆపైన దానిని నేలమట్టం చేశారు. ఆ తరువాత ఫ్రెంచివారు తిరిగి కట్టుకొన్న ఊరే నేడు మనం చూసేది. పక్షికి పెట్టిన పేరు కూడా కూలిపోయింది. బ్రిసోన్ లాటిన్ పేర్లు శాస్త్రజ్ఞులు అంగీకరించిన రెండు మాటల పద్ధతిలో లేవు కనుక చెల్లలేదు. 1783లో పీటర్ బొడ్డార్ట్ అనే డచ్చి పండితుడు, బ్యుఫోన్ గ్రంథానికి తోడుగా వెలువడిన రంగుల బొమ్మలకు పేర్లు కూరుస్తూ దీనిని ‘ఫాల్కో ఇండస్’ అన్నాడు. అంటే భారతదేశపు డేగ. లిన్నేయస్ 1758లో గద్దలనూ డేగలనూ ఈగిళ్ళనూ కలిపి ‘ఫాల్కో’ అన్న ఒకే గంపలో వేశాడు. బొడ్డార్ట్ ఆ గంపలోనే దీనినీ వేశాడు. 1840లో సెల్బీ అనే ఇంగ్లీషువాడు దానిని బయటికి తీసి ‘హాలియాస్టర్’ అన్న కొత్త ప్రజాతి కల్పించాడు. సముద్రపు ఈగిల్‌కూ డేగకూ గల ప్రాచీన నామాలను అతికించిన మాట అది. ఎటూ తేల్చుకోలేనప్పుడు మేము అనువాదకులమూ ఆ పనే చేస్తాము.

పేరులో పాండిచ్చేరి పోయినా, ఆ జాతికి ప్రమాణస్థలంగా శాస్త్రగ్రంథాలలో ఈనాటికీ పాండిచ్చేరి పేరే ఉన్నది. ఊరిపేరును శాస్త్రనామంలో నిలుపుకొన్న అదృష్టం మాత్రం కౌజుపిట్టకు దక్కింది.

తెలుగులో నేను గద్ద అనడానికి సిగ్గుపడుతున్న పక్షిని పారిస్ పండితుడు ఈగిల్ అన్నాడు. ఆయన పొరబడ్డాడని తరువాతివారు కైట్ అన్నారు. ఎవరిది ఒప్పు? ఈ శతాబ్దంలో జన్యుపదార్థాన్ని పోల్చి చూసినవారు చెప్పినది చదివి, కుర్చీలోనుండి లేచి గదిలో కాసేపు పచార్లు చేశాను. ఈగిల్ అన్నది ప్రకృతిలో ఒకే కుటుంబం కాదు. ఆ పేరు మోసే పక్షులు వేరు వేరు కొమ్మలమీద ఉన్నాయి. ఐరోపా రాజుల జెండాలమీది బంగారు ఈగిల్ ఒక కొమ్మ. చేపలు పట్టి బ్రతికే సముద్రపు ఈగిళ్ళు మరొక కొమ్మ; అమెరికా తెల్లతల పక్షి వాటిలోనిదే, మన తీరాల వెంట తిరిగే తెల్లరొమ్ము సముద్రపు పక్షీ వాటిలోనిదే. ఈ రెండవ కొమ్మకు అతి దగ్గర చుట్టాలు ఎవరు? మన గరుడపక్షీ, నాయనమ్మ బెడ్డ విసిరిన మట్టిరంగు గద్దా! తమ పేరునే పంచుకొంటున్న బంగారు ఈగిల్‌కంటె ఈ గద్దలే వాటికి ఆప్తబంధువులు. ఇక ‘ఫాల్కో’ అన్న పేరు నిజంగా చెల్లే పక్షులు వీటన్నింటికీ దూరమై, చిలుకలకు దగ్గరగా తేలాయి.

‘బట్టతల గద్ద’ అని వ్రాసినందుకు ఇన్నేళ్ళూ సిగ్గుపడ్డాను. అందులో తప్పు సగమే. తప్పు తలలో ఉన్నది, గద్దలో లేదు.

‘తెల్లతల సముద్రపు గద్ద’ అని వ్రాసి పంపాను. సాయంత్రం పత్రిక నుండి ఫోను వచ్చింది. “గద్ద అంటే పాఠకులకు కోడిపిల్లలు గుర్తుకొస్తాయండీ. జాతీయపక్షి కదా, డేగ అందామా?” అన్నారు ఉపసంపాదకులు ఎంతో వినయంగా. నేను మా నాయనమ్మ సంగతి ఎత్తుకోలేదు గాని, దాదాపు పావుగంటసేపు వాదించాను. అచ్చులో ‘తెల్లతల గద్ద’ అని వచ్చింది. సముద్రాన్ని ఎవరో కొట్టివేశారు. గద్ద నిలిచింది.

మరునాడు తెల్లవారుజామున తేంగాయ్‌తిట్టు చేపలరేవుకు వెళ్ళాను. పడవలు వచ్చి ఉన్నాయి. గరుడపక్షులు మూడు, నల్లగద్దలు లెక్కకు అందనన్ని, ఒకే గాలిలో ఒకే చోట తిరుగుతున్నాయి. చేపలు శుభ్రం చేస్తున్న ఒక ముసలమ్మను, పైన తెల్లతలతో తిరుగుతున్నది ఏమిటని తమిళంలో అడిగాను. “గరుడన్,” అని, తల ఎత్తకుండానే చేపపేగులు గుప్పెడు తీసి నీళ్ళ వైపు విసిరింది. రెండు జాతులూ వాటికోసం ఒకేసారి దిగాయి.

ఇంటికి వచ్చి బ్రౌను నిఘంటువులోనుండి ఆ ఉత్తరం బయటికి తీశాను. పెన్సిలు వ్రాత మాసిపోయింది గాని అక్షరాలు తెలుస్తున్నాయి. ఆ బాలుడు ఇప్పుడు ఉద్యోగం చేసుకొంటున్న యువకుడై ఉంటాడు. ‘చిరంజీవి’ అని మొదలుపెట్టి, కొట్టివేసి, ‘అయ్యా’ అని వ్రాసి, అదీ బాగుండక మళ్ళీ ‘చిరంజీవి’కే వచ్చాను. ఆ పక్షి తలనిండా ఈకలు ఉన్నమాట నిజమేనని, తాను చూసినదే సరియైనదని, నాకు ఆనాడు జవాబు తెలియదని వ్రాశాను. ఉత్తరంపైన ఉన్న చిరునామా ఒక పాఠశాలది. అతని పేరు, ‘నాలుగవ తరగతి’, ఊరు, జిల్లా వ్రాసి తపాలాపెట్టెలో వేశాను.