పక్కూరిలో నామినేషన్

మా ఊరి సర్పంచ్ సీటు బీసీ మహిళకు వచ్చిందనగానే వాడకట్టు ఆడవాళ్లంతా నన్నే నిలబడమన్నారు. చేవెళ్ల మండలంలో పూలతోటల్లో కూలికి పోయేదాన్ని. 2025 పంచాయతీ ఎన్నికల్లో మాది రెండో విడత. నవంబర్ 30 నుంచి డిసెంబర్ 2 దాకా నామినేషన్లు, 14న పోలింగ్.

నామినేషన్ ఎవరి పంచాయతీ ఆఫీసులో వాళ్లు వేసేది కాదు. కొన్ని ఊళ్లను క్లస్టర్‌గా కలిపి, ఒక్కచోటే రిటర్నింగ్ అధికారిని కూర్చోబెడతారు. మాకు పక్కూరు పడింది. నేరుగా బస్సు లేదు. బీజాపూర్ రోడ్డు దాకా నడిచి ఆటో ఎక్కాలి. నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్ది 19 మంది పోయారు. అప్పటి నుంచి ఆ రోడ్డెక్కాలంటే గుండె దడ.

కులం సర్టిఫికెట్, ఇంటి పన్ను బాకీ లేదన్న కాగితం, ఎన్నికల ఖర్చుకు కొత్త బ్యాంకు ఖాతా... వీటి వెంట తిరిగేసరికి ఆఖరి రోజు వచ్చింది. జనరల్‌కు ధరావతు 2,000, మాకు 1,000. ఆ వెయ్యి మేస్త్రి దగ్గర బదులు తెచ్చాను.

సాయంత్రం ఐదింటికి గేటు మూసి, లోపలున్న వాళ్లకు టోకెన్లిచ్చారు. నన్ను ప్రతిపాదించిన పెద్దమ్మకు సంతకం రాదు. వేలిముద్ర అధికారి ముందే వేయాలన్నారు. ఆమె నాతోపాటే మెట్ల మీద కూర్చుంది. చలికి దవడలు కొట్టుకుంటున్నాయి. "ఇంటికి పోదామా పెద్దమ్మా" అంటే, "పోతే నీ కాగితం ఎవలు తీస్కుంటరు బిడ్డా, కూసో" అంది. ఆడవాళ్లకు మరుగు కూడా లేదక్కడ. చెట్ల చాటుకు ఒకరి వెంట ఒకరం పోయాం.

చేవెళ్ల, మొయినాబాద్ మున్సిపాలిటీలయ్యాయి. అక్కడ పార్టీలు బీ-ఫారాలిస్తాయి, కాగితాలు చూసిపెట్టే మనుషులుంటారు. పంచాయతీకి పార్టీ గుర్తు లేదు. కూలోళ్లయినా నిలబడొచ్చని కదా అది! మరి ఆ రోజు కార్లలో వచ్చినవాళ్ల వెంట వకీళ్లున్నారు, ఫారం నింపేవాళ్లున్నారు. నా వెంట పెద్దమ్మ ఉంది. పార్టీ లేని ఎన్నికలో మనిషికి తోడుండాల్సింది ప్రభుత్వమే. ఆ మూడు రోజులైనా నామినేషన్ కేంద్రానికి ఒక బస్సు వేయాలి, ఫారం నింపిపెట్టే ఒక మనిషిని కూర్చోబెట్టాలి.

అర్ధరాత్రి దాటాక నా టోకెన్ పిలిచారు. పెద్దమ్మ బొటనవేలు గడ్డకట్టి ముద్ర సరిగా పడలేదు. నా చీర కొంగుతో రుద్ది మళ్లీ వేయించారు. రసీదు ఇచ్చారు. పరిశీలనా అక్కడే, గుర్తులిచ్చేదీ అక్కడే అన్నారు. ఆటోలు లేవు. తెల్లారేదాకా ఆ మెట్ల మీదే ఉన్నాం.