కాంచనబురిలో మూడు గంటలు

బ్యాంకాక్ పోయింది ఊరు చూడడానికే. అక్కడినుంచి ఒక పూట కాంచనబురి పోయి రావాలని పట్టుబట్టింది మా చిన్నాయన. వ్యాను డ్రైవరు అందరినీ దించే చోటే మమ్మల్నీ దించాడు, క్వై నది వంతెన దగ్గర. సినిమా పుణ్యమా అని అక్కడ జనమే జనం. పిల్లలు ఫోటోలు దిగారు. మేము వచ్చింది మాత్రం వంతెన కోసం కాదు.

మా తాతకు అన్న ఒకాయన గుడియాత్తం నుంచి మద్రాసు పోయి ఓడెక్కి, పినాంగులో దిగి, పెరాక్‌లో రబ్బరు తోట పనికి కుదిరాడు. జాబులు, అప్పుడప్పుడు మనియార్డరు వచ్చేవి. 1941 డిసెంబరులో జపానువాళ్లు మలయాలో దిగారు. ఆ తరువాత జాబు లేదు. చాన్నాళ్లకు ఆ తోటనుంచి తిరిగొచ్చిన ఒకాయన, "సయాం రైలు పనికి లారీలో ఎక్కించుకొని పోయినారు" అన్నాడంట. మాకు తెలిసింది అంతే. ఆయన భార్య, మా జేజి, ఆ మాట ఒప్పుకోలేదు. "పోయినప్పుడు చూసినోళ్లెవరు?" అని అడిగేది. చివరిదాకా బొట్టు తీయలేదు, తద్దినం పెట్టనీయలేదు. చిన్నాయనను పెంచింది ఆమే.

సయాం నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల ఆ రైలు దారిని 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరుకల్లా కలిపేశారు. యుద్ధఖైదీలు 12,000 మందికి పైగా చనిపోయారు. మలయా, బర్మా, జావాల కూలీలు ఎందరో పేరు పేరునా లెక్క లేదు. 90,000 దాకా ఉంటారని ఒక అంచనా. మొదట మంచి కూలి ఇస్తామన్నారు, మనుషులు చాలకపోతే పట్టుకొని పోయారు. మలయానుంచి పోయినవాళ్లలో తమిళులు ఎక్కువ, మనవాళ్లూ ఉన్నారు. 1943 వానల్లో కలరా వచ్చి గుడిసెలకు గుడిసెలే ఖాళీ అయ్యాయి.

ఊళ్లోని యుద్ధ సమాధుల తోటలో దాదాపు 7,000 మంది సైనికులున్నారు. పచ్చిక దువ్వినట్టుంది. ప్రతి సమాధికీ కంచు పలక; పేరు, పటాలం, వయసు. 22, 24, 31. కొన్నింటి అడుగున ఇంటివాళ్లు రాయించిన ఒక మాట. ఖైదీలు దాచిపెట్టి రాసుకున్న లెక్కలుండబట్టి, యుద్ధం ముగిశాక రైలు పొడుగునా వెతికి వీళ్లను తెచ్చి ఇక్కడ చేర్చగలిగారు. కూలీలకు ఆ రాసేవాడు లేడు.

వాకిట్లో ఉన్న కట్టడంలో అవిభక్త భారత సైన్యంవాళ్లు 11 మంది పేర్లున్నాయి. వేరేచోట్ల ముస్లిం శ్మశానాల్లో పూడ్చినవాళ్లవి. చిన్నాయన కళ్లద్దాలు మార్చుకొని పదకొండూ చదివాడు. మనవాడు కూలి, సిపాయి కాదు, ఉండడని తెలిసే చదివాడు. మేమెవరమూ ఆపలేదు.

తెచ్చిన పూలు ఎక్కడ పెట్టాలో తెలీలేదు. పిన్నమ్మ ఒక 22 ఏళ్ల పిల్లాడి పలక మీద పెట్టింది. "ఈడూ అమ్మ కన్న బిడ్డే కదా" అంది. సగం పూలు మిగిలాయి. తిరిగిపోతూ వంతెన దగ్గర వ్యాను ఆపించి, వాటిని నదిలో వదిలింది చిన్నాయన.

దారిలో మాట మహాలయ అమావాస్య మీదికి పోయింది. తిథి తెలియనివాళ్లకు ఆ రోజు పెట్టొచ్చు కదా అన్నాం. "పెట్టొచ్చు. పెద్దమ్మ వద్దనింది కదరా" అన్నాడు చిన్నాయన. బ్యాంకాక్ వచ్చేదాకా తెగలేదు. ఊరికొచ్చి మూడు నెలలైంది, పంచాంగంలో ఆ తేదీ దగ్గర ఆయన పెన్సిలుతో చిన్న గీత పెట్టుకున్నాడు. మేము చూసీ అడగలేదు.