పెద్ద రేకులు, నెమ్మది గాలి

శంషాబాద్‌లో కాపురం పెట్టి చప్పుడు చేయని కంప్యూటర్ కావాలనడం కాస్త విడ్డూరమే. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు ఇటు తరలివచ్చాయి. అప్పటినుంచి ఈ ఊళ్లో రాత్రికీ పగటికీ పెద్ద తేడా లేదు. విమానం ఆగితే బెంగళూరు రోడ్డు మీద లారీ అందుకుంటుంది. ఈ మోతలో కూర్చుని ప్రాసెసర్ మీది ఫ్యాన్ 22 డెసిబెల్సా, 28 డెసిబెల్సా అని తర్కించేవాణ్ని చూస్తే ఇంట్లోవాళ్లకు నవ్వు రాక ఏం చేస్తుంది? నవ్వనివ్వండి. విమానం వస్తుంది, పోతుంది. ప్రాసెసర్ ఫ్యాన్ ఎక్కడికీ పోదు. మోకాలి పక్కనే కూర్చుని గంటల తరబడి సణుగుతుంది.

అసలు చెవికి ఇబ్బంది చప్పుడు ఉన్నందుకు కాదు, మారుతున్నందుకు. సీలింగ్ ఫ్యాన్ ప్రాసెసర్ వేడిని లాగే చాలా హీట్‌సింక్‌ల ఫ్యాన్ల కన్నా గట్టిగానే మోగుతుంది, అయినా దాని కిందే హాయిగా నిద్రపోతాం. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే చిన్న ఫ్యాన్ అలా కాదు. ఒక ఫైలు తెరవగానే కీచుమంటుంది, మూయగానే తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. చేతిలో పనిని మరిచిపోయి అది ఎక్కి దిగడమే వింటూ కూర్చుంటాం. అందుకే కొనేటప్పుడు డబ్బా మీద అచ్చేసిన డెసిబెల్ అంకెను నేను చివరనే చూస్తాను. ప్రతి కంపెనీ కొలిచే దూరం, పద్ధతి ఒకటి కానప్పుడు ఆ అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ.

ఈ చప్పుడు వెనక ఉన్న లెక్క రోజూ మా నెత్తి మీదుగానే ఎగురుతోంది. జెట్ వెనక దూసుకుపోయే గాలి చేసే మోత ఆ గాలి వేగానికి ఎనిమిదో ఘాతంలో పెరుగుతుందని జేమ్స్ లైట్‌హిల్ అనే గణితవేత్త 1952లో తేల్చాడు. అంటే వేగం సగమైతే మోత శక్తి 256వ వంతుకు పడిపోతుంది. ఇంజన్లు చేసేవాళ్లు దీన్ని బాగా ఒంటపట్టించుకున్నారు. కొంచెం గాలిని బలంగా తన్నే బదులు బోలెడు గాలిని మెల్లగా నెట్టడం మొదలుపెట్టారు. ఎయిర్‌బస్ ఎ320 నియోకు బిగించే లీప్ ఇంజన్ ముందరి ఫ్యాన్ అడ్డంగా దాదాపు 2 మీటర్లు ఉంటుంది. మంట గుండా ఒక పాలు గాలి పోతే, పక్కదారిన 11 పాళ్లు పోతుంది. ఆ లీప్ ఇంజన్లను విప్పి బాగుచేసే సఫ్రాన్ కేంద్రం 2025 నవంబరులో మా ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉన్న జీఎంఆర్ పార్కులోనే ప్రారంభోత్సవం జరుపుకుంది.

ప్రాసెసర్ ఫ్యాన్‌కు ఘాతం ఎనిమిది కాదు, సుమారు అయిదు. అదీ తక్కువేం కాదు. చుట్లు సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గుతుంది గానీ చప్పుడు దగ్గర దగ్గర 15 డెసిబెల్స్ దిగుతుంది. ఇంత మంచి బేరం ఇంకెక్కడా దొరకదు. పోయిన ఆ సగం గాలి లోటును రేకుల వైశాల్యంతో పూడ్చుకోవాలి. పెద్ద హీట్‌సింక్ అంత పెద్దదిగా ఉండేది ఇందుకే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లి ఈ లెక్క చెబితే ఎవరు వింటారు? "గింత పెద్ద దిమ్మె ఎందుకు సార్? నీళ్లది తీస్కోండ్రి, లైట్లు గూడ వెల్గుతయ్" అన్నాడు కౌంటర్ వెనక కుర్రాడు. నేనడిగిన దాంట్లోనూ నీళ్లే ఉన్నాయి తమ్మీ అంటే నమ్మలేదు. రేకుల గుండా పోయే ఆ రాగి గొట్టాల్లోని గాలిని లాగేసి, కాస్త నీరు పోసి మూసేస్తారు. లోపల పీడనం అంత తక్కువ కాబట్టి నీరు 40 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఆ ఆవిరి చల్లటి కొసకు చేరి మళ్లీ నీరై, గోడకు అంటిన సన్నటి రాగి పొడి పొరలోంచి వెనక్కి పాకుతుంది. పంపు లేదు, కాబట్టి చెడిపోయే పంపూ లేదు. "అయితే లైట్లు?" అన్నాడు. లైట్లు లేవని ఒప్పుకున్నాను.

ఇక కొలతల సంగతి. విదేశాల్లో పరీక్షలు చాలావరకు 20, 22 డిగ్రీల గదిలో జరుగుతాయి. హీట్‌సింక్‌కు తెలిసింది ఒక్కటే, వాటుకు ఎన్ని డిగ్రీలు అని. వాటుకు 0.3 డిగ్రీలు పెరిగే రకమైతే, 100 వాట్ల దగ్గర దాని అడుగుభాగం చుట్టూ ఉన్న గాలి కన్నా 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. వాళ్ల గదిలో అది 52. మే నెలలో పైఅంతస్తులోని మా గదిలో 38 ఉంటుంది కాబట్టి 68, కేబినెట్ లోపలి ఉక్క వేరు. ప్రాసెసర్ చిప్పు ఇంకా పైన ఉంటుంది. ఫ్యాన్ వేడిని బట్టి తిరిగేదైతే అక్కడ గుసగుసలాడిన హీట్‌సింక్ ఇక్కడ పూర్తి వేగంతో రొద పెడుతుంది. అది హీట్‌సింక్ తప్పు కాదు. కాబట్టి ముందు గాలి లోపలికి వచ్చే చోట ఒక థర్మామీటర్ పెట్టి, ప్రాసెసర్ చూపించిన డిగ్రీల్లోంచి ఆ గాలి వేడిని తీసేయాలి. ఆపైన బయోస్‌లో ఫ్యాన్‌ను ఒకే వేగానికి, నిమిషానికి 700 చుట్లకో 800కో, కట్టిపడేసి అప్పుడు పోల్చాలి. పూర్తి వేగంలో అన్నీ మొనగాళ్లే.

పైగా అయిదు నిమిషాల పరీక్షతో పెద్ద హీట్‌సింక్ మనల్ని బాగానే మోసం చేస్తుంది. కిలో లోహం వేడెక్కడానికి సమయం పడుతుంది. పైన చెప్పిన రకంలో మూడున్నర నిమిషాలకు పెరగాల్సిన వేడిలో మూడింట రెండొంతులు కూడా పెరగదు. కనీసం పావుగంట ఆగాలి. నేనైతే అరగంట వదిలేసి టీ పెట్టుకుంటాను.

కొనేముందు హీట్‌సింక్ ఎత్తు కూడా చూసుకోవాలి. నోక్టువా ఎన్‌హెచ్-డి15 ఎత్తు 165 మిల్లీమీటర్లు, రెండు ఫ్యాన్లతో కలిపి బరువు 1,320 గ్రాములు. చవక కేబినెట్లు చాలావాటిలో దాన్ని పెడితే పక్క తలుపు మూసుకోదు. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ 155 దగ్గరే ఆగుతుంది, ధరలో మాత్రం ఎంతో కింద ఉంటుంది. నాలాంటి వాడికి, 65 వాట్ల ప్రాసెసర్‌కి, ఆ రెండోదే ఎక్కువ. కంప్యూటర్ను ఆటోలో తీసుకెళ్లాల్సి వస్తే ఇంత బరువును మదర్‌బోర్డుకు వేలాడదీసి తిప్పకుండా, విప్పి ఒళ్లో పెట్టుకోవడం మేలు. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్ ఎక్కడ వస్తుందో వేసినవాడికే తెలియాలి.

కరపత్రాలేవీ చెప్పని అసలు శత్రువు దుమ్ము. ఊరి చుట్టూ వెంచర్లు, తవ్వకాలు, ఎర్రమట్టి. రేకులు దగ్గరదగ్గరగా ఉంటే పరీక్షలో మార్కులు బాగా వస్తాయి. నెలలు గడిచేసరికి రేకుల మధ్య మెత్తటి తెర ఒకటి అల్లుకుంటుంది. నెమ్మది ఫ్యాన్‌కు ఆ తెరను చీల్చే శక్తి ఉండదు. ఎడం ఎక్కువున్న రేకులు కొత్తలో రెండు డిగ్రీలు ఓడినా ఏడాది తిరిగేసరికి గెలుస్తాయని నా అభిప్రాయం. కొనేముందు నేను రేకుల సందులోంచి అవతలి వెలుగు చూస్తాను. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే విచ్చలవిడిగా తిరిగి బేరింగ్ చెడుతుంది.

ఎడం మాటొచ్చింది కాబట్టి, ఫ్యాన్ అసలే లేని నోక్టువా ఎన్‌హెచ్-పి1 గురించి కూడా చెప్పాలి. 2021లో వచ్చింది. ఆరు రాగి గొట్టాలు, దూరం దూరంగా దిట్టమైన రేకులు, వేడి గాలి దానంతటదే పైకి లేచిపోవాలన్నది లెక్క. చూడముచ్చటైన వస్తువు. ఏసీ గదిలో తక్కువ వాట్ల ప్రాసెసర్‌కు నిక్షేపంలా పనిచేస్తుంది. కరెంటు పోయి ఏసీ ఆగి, ఇన్వర్టర్ మీద కంప్యూటర్, సీలింగ్ ఫ్యాన్ తప్ప ఏమీ నడవని మే మధ్యాహ్నం, బల్ల కింద మూసిన కేబినెట్లో మాత్రం దానికి గాలి ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ డబ్బుకు మామూలు టవర్ కూలర్ కొని, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి 500 చుట్ల దగ్గర పెట్టి, ప్రాసెసర్ 70 డిగ్రీలు దాటేదాకా వేగం పెంచవద్దని బయోస్‌లో రాసుకుంటే చాలు. మిగిలిన డబ్బుతో వెడల్పు కేబినెట్ కొనుక్కోవచ్చు, ముందు జాలీ ఉన్నది, ఆ జాలీ ఊడదీసి కడుక్కునేలా ఉన్నది.