మూడు వాటాల ఇంటికి కరెంటు

ఒక కుటుంబం కోసం కట్టిన ఇంటిని వాటాలుగా విడగొట్టేటప్పుడు గోడలు, తలుపులు, వంటగదుల సంగతి ముందే తేలిపోతుంది. కరెంటు సంగతి ఆఖరుకు మిగులుతుంది. హైదరాబాదు చిక్కడపల్లిలో అలా మూడు పోర్షన్లు చేసిన ఒక పాత ఇంట్లో ఇప్పుడు వైరింగ్ మళ్లీ మొదటి నుంచి చేస్తున్నారు. కింద రెండు వాటాలు, పైన ఒకటి. వీధి స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు మాత్రం ఒక్కటే. అదీ నాలుగు బల్బులు, మూడు ఫ్యాన్లు ఉన్న రోజుల్లో వేసింది.

పని లోడు లెక్కతో మొదలవ్వాలి. ఒక వాటాలో టన్నున్నర ఏసీ ఒకటిన్నర కిలోవాట్ల పైచిలుకు తీసుకుంటుంది. గీజరు రెండు కిలోవాట్లు, ఇస్త్రీపెట్టె ఒకటి. మిక్సీ, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, లైట్లు, ఫ్యాన్లు కలిపితే మొత్తం ఆరు దాటుతుంది. మూడు వాటాలకు ఇరవై దగ్గర. అన్నీ ఒకేసారి నడవవు కాబట్టి పన్నెండు అనుకున్నా, ఒకే ఫేజ్ మీద 230 వోల్టుల దగ్గర అది 52 ఆంపియర్లు. పాత సర్వీసు వైరు అంత మోయలేదు. మూడు ఫేజ్‌ల సర్వీసు తీసుకుని వాటాకొక ఫేజ్ పంచితే ఒక్కోదాని మీద పదిహేడు ఆంపియర్లే పడతాయి. అదనపు లోడుకు విద్యుత్ సంస్థలో దరఖాస్తు పెట్టి డబ్బు కట్టాలి. కొత్త వైర్లు లాగకముందే ఈ పని పూర్తవ్వాలి.

తర్వాతది మీటర్లు. పైవాటాలో ఉంటున్న ఆవిడ ఎలక్ట్రీషియన్‌తో చెప్పుకున్న మాట ఒకటే: "అందరూ వాడే నీళ్ల మోటారు మా మీటరు మీదే తిరుగుతోంది, బిల్లు మేమెందుకు కట్టాలండీ?" ఆమె అడిగింది న్యాయం. మోటారుకు, మెట్ల లైటుకు, గేటు లైటుకు వేరే కామన్ మీటరు ఉండాలి. ఒకే మీటరు పెట్టి లోపల సబ్ మీటర్లతో పంచుకోవడం అద్దెకున్నవాళ్లకు నష్టం. నెలకు 120 యూనిట్లు వాడే మూడు కుటుంబాలు ఒకే మీటరు కింద 360 యూనిట్ల వాడకందారుగా మారి పై శ్లాబులోకి పోతాయి. తెలంగాణలో 2024 నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద అర్హులకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. సొంత మీటరు లేని అద్దెదారుకు ఆ మేలు అందదు.

అందరూ వదిలేసేది న్యూట్రల్‌ని, అంటే కరెంటు తిరిగి వెళ్లే నల్లవైరుని. మెట్ల కింద జంక్షన్ బాక్సు తెరిస్తే ఏడెనిమిది నల్లవైర్లు ఒకే ముడిగా మెలిపెట్టి ఉన్నాయి. పైన చుట్టిన టేపు వేడికి కరిగి జిగురైంది. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, టెస్టర్‌తో రెండుసార్లు చూసుకుని, ఆ టేపును గోటితో ఒలిచాడు. వైర్లను ఒక్కొక్కటిగా విడదీసి, కంటిన్యుటీ చూసి, ఏది ఏ వాటాదో తేలాక దాని కొసకు తెల్లటేపు చుట్టి పెన్నుతో నంబరు వేశాడు. తొందర లేదు. "నల్లవైరే కదా అని కలిపేస్తారండీ" అన్నాడు, చేతిపని ఆపకుండానే.

అలా కలిపితే జరిగేది ఇది. కిందవాటాలో ఫేజ్ ఆపినా, పైవాటా నుంచి తిరిగి వచ్చే కరెంటు ఆ నల్లవైరులో పారుతూనే ఉంటుంది. ముడి విప్పినవాడికి షాక్ కొడుతుంది. కరెంటు ఒక వాటా నుంచి వెళ్లి ఇంకో వాటా న్యూట్రల్‌లో తిరిగొస్తే, కరెంటు లీకైతే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంది. లోపం వెతకకుండా దాన్నే పీకేయించే ఇళ్లు ఎన్నో. ప్రాణం కాపాడే పరికరాన్ని విసుగుతో తీసేయడం క్షమించరాని నిర్లక్ష్యం. మూడు ఫేజ్‌ల సర్వీసులో మెయిన్ న్యూట్రల్ ఊడితే ఇంకా ఘోరం. రెండు ఫేజ్‌ల మధ్య ఉండే 400 వోల్టులు వాటాల మధ్య లోడును బట్టి చీలిపోతాయి. తక్కువ వాడుతున్న వాటాలో వోల్టేజి 300 దాటి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోవచ్చు. వాటాల న్యూట్రల్‌లు కలవకుండా మీటరు నుంచి ప్రతి వాటాకూ సొంత న్యూట్రల్, ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ కలిపి తెంచే డబుల్ పోల్ మెయిన్, దాని వెంట 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి.

ఎర్తింగ్‌దీ ఇదే గతి. పాత ఇళ్లలో ఎర్త్ వైరును నీళ్ల ఇనుప పైపుకు చుట్టి ఊరుకునేవారు. తర్వాత ప్లాస్టిక్ పైపులు వచ్చాయి, ఎర్త్ పోయింది, ఎవరూ గమనించలేదు. విడిగా గుంత తవ్వించి ఎలక్ట్రోడ్ దింపి, ఆకుపచ్చ వైరు ప్రతి సాకెట్ దాకా లాగాలి. లైట్లకు 1.5, సాకెట్లకు 2.5, ఏసీకి, గీజరుకు విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయాలి. పాత అల్యూమినియం వైరుకు రాగి వైరు ముడివేస్తే ఆ అతుకే వేడెక్కుతుంది కాబట్టి అల్యూమినియం మొత్తం తీసేయాలి.

కరెంటు ఇచ్చేముందు ప్రతి వాటా వైరింగ్‌నూ 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) పరీక్షించాలి. ఒక మెగోమ్ కంటే తక్కువ చూపిస్తే ఎక్కడో ఇన్సులేషన్ దెబ్బతిన్నట్టే. ఆఖరున, ఏ ఎంసీబీ ఏ గదికో రాసిన కాగితం బోర్డు తలుపు లోపల అతికించాలి. ఇంటి యజమాని చివరి వాయిదా డబ్బు ఇచ్చేముందు ఆ కాగితం, మెగ్గర్ రీడింగులు అడిగి తీసుకోవాలి. అద్దెకు దిగేవాళ్లు కూడా అడ్వాన్సు ఇవ్వకముందే వాటిని చూపించమని అడగాలి.