ఇంగితజ్ఞానము చాలునా?

పనిచోట నెవ్వడైన మరణించెనని వినిన తోడనే "కొంచెము ఇంగితజ్ఞానమున్నచో బ్రదికియుండెడివాడు" అనువారు మనలో పెక్కుమంది కలరు. ఈ మాట చనిపోయినవానిపై నేరము మోపును; వానిని పనికి దించినవానికి విడుదల నిచ్చును. కావున దాని నిజానిజములను విచారింపవలెనని మేము తలచుచున్నాము.

ఇంగితజ్ఞానము నిరుపయోగమని మా వాదము కాదు. నిప్పు కాల్చుననియు, కత్తి కోయుననియు బిడ్డలకును తెలియును. కాని యీ తెలివి యెట్లు వచ్చెను? ఒకసారి చేయి కాలినవాడు బ్రదికి, రెండవసారి జాగ్రత్తపడుటచే వచ్చెను. మొదటి తప్పుననే ప్రాణము తీయు అపాయమును గూర్చి అనుభవము మనకేమి నేర్పగలదు?

మురుగుగోతుల సంగతి చూడుడు. మురుగు కుళ్లుటచే పుట్టు హైడ్రోజన్ సల్ఫైడను వాయువు స్వల్పముగా నున్నప్పుడు కుళ్లిన గ్రుడ్ల కంపు కొట్టును. గాలిలో పదిలక్షల పాళ్లకు సుమారు 100 పాళ్లు చేరెనా, కొన్ని నిమిషములలో ముక్కు మొద్దుబారి, ఆ కంపు తెలియకుండ పోవును. "కంపు పోయినది, ఇక భయము లేదు" అని ఇంగితజ్ఞానము చెప్పును. కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయు లేదు. ఇంగితమనగా పైకి తోచు సూచన. సూచనయే లేనిచోట, లేక సూచనయే బొంకు చెప్పుచోట, ఇంగితజ్ఞానమేమి చేయును?

మన తార్కికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అను నాలుగు ప్రమాణములను చెప్పిరి. ఇచ్చట మొదటి మూడును అక్కరకు రావు. మిగిలినది ఆప్తవాక్యమొక్కటే, అనగా గాలిని కొలుచు పరికరము చెప్పు మాటయు, తెలిసినవారు వ్రాసిపెట్టిన నియమమును.

మన పెద్దలు పాడునూతిలో దిగుటకు ముందు దీపము దించి చూచెడివారు. అది ఆరిన యెడల దిగెడివారు కారు. ఇదియు పుట్టుకతో వచ్చిన తెలివి కాదు, ఒకరు నేర్పగా ఒకరు నేర్చిన నియమమే. ఆ దీపమునే మీథేను నిండిన మురుగుగోతిలో దించినచో ప్రేలుడు సంభవింపవచ్చును. కావున నియమములను సైతము కాలమునుబట్టి దిద్దుకొనవలసియున్నది.

2015 నవంబరులో కేరళదేశపు కోజికోడు నగరమున మురుగుగోతిలో దిగిన ఇద్దరు ఆంధ్ర కూలీలు ఆపదలో పడగా, ఒక ఆటో నడుపువాడు వారిని రక్షింప దిగి, వారితోపాటు తానును మరణించెను. ఆయనకు తెలివి లేదనగలమా? పడినవానిని లేవనెత్తుమని లోకజ్ఞానము బోధించును; ఆయన ఆ బోధనే పాటించెను. ఇట్టి తావుల దయయే రెండవ ప్రాణమును బలిగొనును.

ఇందుకు మందు కొత్తది కాదు. గాలిని పరీక్షించి తెలిసినవాడు వ్రాతమూలముగా ధ్రువపరుపవలెను. కానిచో దిగువాడు శ్వాసపరికరమును, వెలుపలివాడు పట్టుకొను త్రాడుగల పట్టీని ధరింపవలెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 36వ సెక్షను ఇదియే విధించెను. రక్షణ సామగ్రి లేక మురుగుకాలువలలో మనుష్యులను దించుటను 2013 నాటి చట్టము నిషేధించెను. మృతుల కుటుంబములకు చెల్లింపవలసిన పరిహారమును సుప్రీముకోర్టు 2014లో 10 లక్షల రూపాయలుగను, 2023లో 30 లక్షలుగను నిర్ణయించెను. చట్టము కొరత లేదు. ఉన్న చట్టమును పాటించువారి కొరత కలదు.

గోతిలో దిగువారు ఏ కులములవారో, ఏ కూలికి దిగుదురో మన మెరుగనిది కాదు. ఎన్నడును దిగనివారు దిగువారికి ఇంగితజ్ఞానమును ఉపదేశించుట సులభము. త్రాడును, పరికరమును కొని యిచ్చి, వాని వాడుకను నేర్పి, అవి లేనినాడు "నేను దిగను" అన్న కూలివాని కూలి కోయకుండుట కష్టము. పని చేయించువారు ముందుగా ఈ కష్టమునకు పూనుకొనవలెనని మా మనవి.